ఎడారి సఫారీలో చూపించేది బెడూయిన్ల ఆటేనా? వాళ్ల పెళ్లి పాటలు, ఆటలు చూసినవారు చెప్పండి

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. పోయిన నెల దుబాయిలో మా అన్నయ్య వాళ్లింటికి వెళ్లాం. అక్కడికి వెళ్లినవాళ్లంతా చేసేదే మేమూ చేశాం. సాయంత్రం ఇసుక దిబ్బల మీద కారులో తిరిగి, చీకటి పడ్డాక ఒక శిబిరంలో భోజనానికి కూర్చున్నాం. "బెడూయిన్ సంప్రదాయ నృత్యం" అని మైకులో ప్రకటించారు. ముందు ఒకతను రంగురంగుల పెద్ద గాగరా కట్టుకుని గిర్రున తిరిగాడు. గాగరా అంచుల్లో దీపాలు కూడా వెలిగాయి. తరవాత మెరుపుల దుస్తులు వేసుకున్న ఒకామె నడుము తిప్పుతూ ఆడింది. ఇద్దరూ బాగా ఆడారు, వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఒంటెలను తోలుకుంటూ, మేకవెంట్రుకలతో నేసిన గుడారాల్లో బతికిన మనుషులు తమ ఇంట్లో పెళ్లయితే నిజంగా ఇలాగే ఆడేవారా? ఇంటికి వచ్చాక కూడా ఈ అనుమానం నన్ను వదలడం లేదు. ఇక్కడ గల్ఫులో ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పాట ఎలా ఉంటుంది? ఏం వాయిస్తారు? ఆడవాళ్లు ఎక్కడ ఉంటారు? దయచేసి కళ్లారా చూసింది చెప్పండి.

బాటసారి:
అమ్మా, మీ అనుమానం సరైనదే. ఆ గాగరా ఆట పేరు తనూరా. అది ఈజిప్టుది, సూఫీ సాధువులు ధ్యానంలో గిర్రున తిరిగే పద్ధతి నుంచి పుట్టింది. రెండోది కూడా కైరో లాంటి నగరాల వేదికల మీద పెరిగిన ఆటే. రెండింటికీ వాటి గౌరవం వాటికి ఉంది. కానీ వాటిని బద్దూల ఆటలని చెప్పి టికెట్లు అమ్మడం అన్యాయం. గల్ఫులో మనవాళ్లం బెడూయిన్లను బద్దూలనే అంటాం కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

నేను అల్ ఐన్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా చాలా కాలం పనిచేశాను. మా యజమాని చుట్టాలింట్లో పెళ్లంటే అతిథులను చేరవేసే పని మాదే, అందుకని రాత్రి పొద్దుపోయేదాకా అక్కడే ఉండేవాళ్లం. ఇంటి ముందు ఖాళీ జాగాలో మగవాళ్లు రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడతారు. వరసకు ఇరవై మంది దాకా ఉంటారు. భుజం భుజం తగులుతూ, అందరూ పాదాలదాకా ఉండే తెల్ల అంగీల్లో, వాటిని కందూరా అంటారు. ప్రతి ఒక్కరి చేతిలో సన్నని కర్ర. అది ఒకప్పటి ఈటెకో కత్తికో గుర్తు. ఆ కర్రలు ఒకదానికొకటి తగలవు, గాలిలోనే ఆడతాయి. రెండు వరసల మధ్య పెద్ద డోళ్లు, చిన్న డోళ్లు, కంజిరకంటే పెద్దవైన ఒంటితోలు వాయిద్యాలు, ఇత్తడి తాళాలు. ఒక వరస పాట ఎత్తుకుంటే రెండో వరస అందుకుంటుంది. దెబ్బ పడినప్పుడల్లా తలలు, కర్రలు కలిసి వంగుతాయి, కలిసి లేస్తాయి. గెంతడం ఉండదు. ఒక వరస మెల్లగా ముందుకు వస్తే ఎదుటి వరస అంతే మెల్లగా వెనక్కి తగ్గుతుంది. దీన్ని అయ్యాలా అంటారు.

ఒక పెళ్లిలో యజమాని మనవడు వరస చివర నిలబడ్డాడు, చిన్న పిల్లవాడు. కర్రను పిడికిలి బిగించి పట్టుకున్నాడు. పక్కనున్న పెద్దాయన పాట ఆపకుండానే ఆ పిల్లవాడి వేళ్లు ఒక్కొక్కటే సడలించాడు. కర్రను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య నిలబెట్టి, మణికట్టును తన చేత్తో నాలుగుసార్లు ఆడించి వదిలేశాడు. ఆ తరవాత వాడి కర్ర వరసతో కలిసిపోయింది. నేర్పడమంటే అక్కడ అంతే. బడి లేదు, గురువుకు దక్షిణ లేదు.

డప్పుదరువు:
బాటసారి అన్నా, చదువుతుంటే కళ్ల ముందు కనబడింది. నాకు డోళ్ల మీదే ధ్యాస. అవి తోలువేనా, ఇప్పుడు అందరూ వాడుతున్న ప్లాస్టిక్కువా? ఎడారిలో రాత్రి చలికి తోలు మెత్తబడుతుంది కదా, అప్పుడేం చేస్తారు?

బాటసారి:
నేను చూసినవి తోలువే తమ్ముడూ. పక్కన బొగ్గుల కుంపటి పెట్టుకుంటారు. పాట పాటకూ మధ్య వాయిద్యాన్ని నిప్పు మీద అటూ ఇటూ తిప్పుతూ, వేలి గోటితో తట్టి వింటారు. ఆ శబ్దం నచ్చేదాకా వరస కదలదు. ఎంత పెద్ద షేక్ వచ్చి నిలబడినా సరే, తోలు కాగాల్సిందే. ఒమాన్‌లో పెద్ద డోలును రహ్మానీ అని, చిన్నదాన్ని కాసిర్ అని అంటారు. పెద్దది గంభీరంగా నడక పట్టి ఉంచుతుంది. చిన్నది ఆ నడకలో సందులు చూసుకుని చిటపటలాడుతుంది.

డప్పుదరువు:
మా ఊళ్లో జాతర రోజున చింతబరికెల మంట చుట్టూ డప్పులు నిలబెట్టి, గోటితో తట్టి చూస్తూ కూర్చునే మా నాన్న గుర్తొచ్చాడు. తోలు ఎక్కడైనా ఒక్కటే మాట వింటుంది. ధన్యవాదాలు అన్నా.

పుస్తకాల పురుగు:
మంచి చర్చ. నేను కళ్లారా చూసింది తక్కువ, చదివింది, రికార్డింగులు విన్నది ఎక్కువ. ఒక విషయం గట్టిగా చెప్పాలని ఉంది. మనం ఈ ఆటలను డోళ్ల వైపు నుంచి చూస్తున్నాం. వాటికి ప్రాణం పద్యం. డోలు, చప్పట్లు, కత్తి, కర్ర అన్నీ పద్యానికి పల్లకీ మోసే బోయీలే. ఎడారిలో వ్యవహార భాషలో కట్టే ఆ కవిత్వాన్ని నబతీ కవిత్వం అంటారు. అబుదాబీలో 2006లో మొదలైన టీవీ పోటీలో నబతీ కవులకు లక్షల దిర్హాముల బహుమతులు ఇస్తున్నారంటే, ఇది మ్యూజియంలో పెట్టిన సరుకు కాదని తెలుస్తుంది.

పేర్లు కలగాపులగం కాకుండా కొంచెం విడదీస్తాను. బాటసారి గారు చెప్పిన అయ్యాలాను 2014లో ఎమిరేట్స్, ఒమాన్ దేశాల తరఫున యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు. దానికి దగ్గర చుట్టం రజ్ఫా, 2015లో చేరింది. ఇది మొదట్లో బెడూయిన్లు యుద్ధంలో గెలిచినప్పుడు ఆడిన ఆట. ఇప్పుడు పెళ్లిళ్లలో, పండుగల్లో ఆడతారు. రెండు వరసల మధ్య కొందరు కొయ్య తుపాకులను వేళ్ల మీద గిరగిరా తిప్పి, ఆకాశంలోకి విసిరి పట్టుకుంటారు. ఎమిరేట్స్ కుర్రవాళ్లు ఈ తుపాకీ తిప్పుడునే యోలా అనే విడి ఆటగా పెంచుకున్నారు.

సౌదీలోని నజ్ద్ ప్రాంతపు అర్దా వేరే. అది కత్తుల ఆట, యుద్ధానికి బయలుదేరే ముందు ఆడేది. 2017 మేలో ట్రంప్ రియాద్ వచ్చినప్పుడు కత్తి పట్టుకుని వరసలో ఊగిన దృశ్యం మన టీవీల్లోనూ వచ్చింది, అదే అర్దా. దానిని కూడా 2015లోనే జాబితాలో చేర్చారు. అయితే అర్దా బెడూయిన్లది మాత్రమే కాదు. నజ్ద్‌లో ఖర్జూర తోటలు పెట్టుకుని ఊళ్లలో స్థిరపడ్డవాళ్లది కూడా. అరబ్బు అంటే బెడూయిన్, బెడూయిన్ అంటే అరబ్బు అనుకుంటే చాలా పోగొట్టుకుంటాం.

పాతబస్తీ:
అయితే మా హైదరాబాద్ మర్ఫా వాయిద్యం సంగతేమిటి సార్? బార్కస్‌లో ఉన్న అరబ్బులు నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లతోనే మర్ఫా వచ్చింది. పెళ్లి ఊరేగింపులో మర్ఫా మోగితే కత్తులు తిప్పుతూ ఆడే పెద్దలను నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఇప్పుడైతే బోనాలకు, గణేశ్ నిమజ్జనానికి కూడా మర్ఫా ఉండాల్సిందే. తీన్‌మార్ దెబ్బకు ఊగని హైదరాబాదీ ఉంటాడా? ఇది బెడూయిన్ల ఆట మన ఊరిదాకా వచ్చినట్టు కాదా?

పుస్తకాల పురుగు:
పాతబస్తీ గారూ, ఈ సంబంధం గట్టిదే, కానీ దారి కొంచెం వంకర. బార్కస్ కుటుంబాలవారు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చారు. హద్రమౌత్ అంటే ఒక్క ఎడారి తెగ కాదు. అక్కడ పట్టణాలున్నాయి, లోయల్లో సేద్యం చేసే ఊళ్లున్నాయి, ఆయుధాలు పట్టే తెగలున్నాయి, బెడూయిన్లూ ఉన్నారు. నిజాం కొలువుకు అన్ని రకాలవాళ్లూ వచ్చారు. పైగా మర్ఫాలో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల చెయ్యి చాలా ఉంది. నిజాం ఆఫ్రికన్ అశ్వదళం ఉన్న చోటే హైదరాబాద్‌లో నేటి ఏసీ గార్డ్స్ పేట. అరబ్బు, ఆఫ్రికా, దక్కన్ మూడూ కలిసి హైదరాబాద్‌లో పండిన పంట మర్ఫా. దాన్ని బెడూయిన్లకు కట్టబెడితే సిద్దీలకు అన్యాయం జరుగుతుంది.

పాతబస్తీ:
సిద్దీల మాట మీరు ఎత్తినందుకు సంతోషం. చాలామంది ఎత్తరు. కానీ కత్తి తిప్పే ఆ పెద్దలది మాత్రం తెగల ఠీవి అనే అంటాను నేను.

ఇసుకరాయి:
నేను జోర్డాన్‌లో ఒక దుస్తుల కర్మాగారంలో సూపర్‌వైజరుగా ఉన్నాను. సెలవుల్లో అకబా, వాది రమ్ వైపు వెళ్లేవాణ్ని. మా స్టోరు కీపరు హువైతాత్ అనే బెడూయిన్ తెగవాడు. వాళ్ల ఊళ్లో పెళ్లికి పిలిస్తే వెళ్లాను. గల్ఫు మిత్రులు చెప్పిన డోళ్లు అక్కడ ఒక్కటి కూడా లేవు. వాయిద్యమే లేదు. ఉన్నదల్లా చప్పట్లు, గొంతు.

దాన్ని దహియ్యా అంటారు. మగవాళ్లు అర్ధచంద్రాకారంగా నిలబడ్డారు. మధ్యలో కవి. ఆయన అప్పటికప్పుడు ఒక చరణం కట్టి పాడతాడు. పెళ్లికొడుకు తండ్రి పెట్టిన భోజనం గురించి, దూరం నుంచి వచ్చిన చుట్టం గురించి. చరణం ముగియగానే వరస మొత్తం "హలా హలా" అంటూ స్వాగతపు పల్లవి అందుకుంటుంది. ఇలా చాలాసేపు నిదానంగా సాగుతుంది. ఆ వరసలో నన్ను కూడా ఇద్దరి మధ్య ఇరికించారు. ఒక చరణంలో "హింద్" అన్న మాట వినబడింది, అందరూ నా వైపు తిరిగి నవ్వారు. నా రాక గురించి అప్పటికప్పుడు కట్టాడట.

తరవాత చప్పట్ల వేగం పెరిగింది. పల్లవి చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, చివరికి మాటలే పోయాయి. మోకాళ్లు వంచి, ముందుకు వంగి, ఛాతీ లోతు నుంచి ఊపిరిని దగ్గులా, గర్జనలా వదులుతారు. వరసంతా ఒక్క ఊపిరి. ఆ శబ్దం చెవులకంటే ముందు పక్కవాడి భుజం నుంచి నా పక్కటెముకలకు తెలిసింది. దీని పుట్టుక గురించి అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. కొద్దిమంది ఉన్న గుంపు రాత్రిపూట పెద్ద శత్రుసేన మధ్య చిక్కుకుని, సింహాల్లా, ఒంటెల్లా గర్జించి వాళ్లను బెదరగొట్టిందట. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ శబ్దం వింటే మాత్రం నమ్మబుద్ధి అవుతుంది.

కృష్ణాతీరం:
ఇసుకరాయి గారూ, మీరు రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మరి తంత్రీ వాద్యం ఏదీ లేదా? గుడారంలో ఒకాయన ఒంటి తీగ వాయిద్యం వాయిస్తున్న ఫొటో ఎక్కడో చూశాను.

ఇసుకరాయి:
అది రబాబా. చతురస్రంగా చెక్క చట్రం, దానికి రెండు వైపులా మేకతోలు, ఒకే ఒక్క తీగ. ఆ తీగ కూడా గుర్రపు తోక వెంట్రుకలను పోగుచేసి కట్టినది. కమానుకు కూడా అవే వెంట్రుకలు. ఒళ్లో నిలబెట్టుకుని వాయిస్తారు. మెట్లు ఉండవు, వేళ్లతో తీగను మెత్తగా తాకుతారు తప్ప అదిమిపట్టరు. నాలుగైదు స్వరాలకు మించి అవసరం రాదు. గొంతు వెనకాలే మరో గొంతులా నడుస్తుంది. కానీ అది పెళ్లి ఆటకు కాదు. గుడారంలో అతిథులు కూర్చున్నాక, కాఫీ తిరుగుతుండగా, కవి పాత వీరుల కథో విరహమో పాడుకోవడానికి.

కాఫీ అన్నాను కాబట్టి ఇంకొకటి. వేయించిన గింజలను దంచే చెక్క రోలును మిహ్బాష్ అంటారు. ఊరికే దంచరు, తాళం వేస్తూ దంచుతారు. రోకలి ఒకసారి గింజల మీద, ఒకసారి రోలు అంచు మీద, ఒకసారి లోపలి గోడకు. ఈ చప్పుడు చుట్టుపక్కల గుడారాలకు వినబడితే, ఇక్కడ అతిథి ఉన్నాడు, మీరూ రండి అని పిలుపు. అందుకే బాగా దంచేవాడికి మంచి పేరుంటుంది.

కువైట్ వదిన:
మగవాళ్ల మాటలే సాగుతున్నాయి. కృష్ణాతీరం చెల్లెలు అడిగిన మూడో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. ఆడవాళ్లు ఎక్కడ ఉంటారు? నేను చెబుతాను. మాది రాజంపేట దగ్గర. కువైట్‌లో ఇంటి పనికి వెళ్లి చాలా ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను. వాళ్లది తెగల కుటుంబం, ముసలమ్మ గుడారంలో పుట్టిన మనిషి.

పెళ్లి రాత్రి ఆడవాళ్ల హాలు వేరే, మగవాళ్ల గుడారం వేరే. గుమ్మం దగ్గర ఫోన్లు తీసి సంచుల్లో వేసి చీటీ ఇస్తారు. లోపలికి వెళ్లాక పైన వేసుకున్న నల్ల అబాయాలు తీసేస్తే, ఆ మెరుపుల దుస్తులు, ఆ బంగారం! పాడేది, వాయించేది అందరూ ఆడవాళ్లే. వాళ్లను తగ్గాగాత్ అంటారు. చాలా బృందాల్లో ఆఫ్రికా మూలాలున్న కుటుంబాల స్త్రీలు ఉంటారు. ఒంటితోలు వాయిద్యాలు పట్టుకుని వరసగా కూర్చుని, పెద్దామె ఒకరు గొంతు ఎత్తితే మిగతావారు అందుకుంటారు. పెళ్లికూతురి ఇంటి పేరు, తెగ పేరు పాటలో వస్తే ఆ కుటుంబం ఆడవాళ్లంతా లేచి, నాలుక ఆడిస్తూ కూతలు పెడతారు. దాన్ని జగారీత్ అంటారు. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది నాకు.

ఆట కూడా చూడాలి. జుట్టు విరబోసుకుని, మెడను అటూ ఇటూ తిప్పుతుంటే జుట్టు మొత్తం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పడుతుంది. ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని చిన్న చిన్న అడుగులు వేస్తారు. మా ముసలమ్మకు మోకాళ్ల నొప్పులు, లేవలేదు. కుర్చీలోనే కూర్చుని, తలకున్న నల్ల గుడ్డ వదులు చేసి, తెల్లటి జుట్టును అలాగే ఊపింది. కోడళ్లంతా ఆమె చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. ఇది మీ సఫారీలో ఎవరు చూపిస్తారు, ఎలా చూపిస్తారు? చూపించేది కాదు అది.

పుస్తకాల పురుగు:
వదినా, ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన వాటిలో ఇది చాలా విలువైన మాట. అయ్యాలాలో కూడా మగవాళ్ల వరసల ముందు ఆడపిల్లలు జుట్టు ఊపుతూ ఆడటం ఉంది, యునెస్కో వివరణలోనూ రాశారు. ఇక జోర్డాన్‌లో దహియ్యా ఒక భాగంగా ఉన్న సామిర్ వేడుకను 2018లో జాబితాలో చేర్చారు. దానిలో హాషీ అని ఒక పాత్ర ఉంది. పెళ్లివారి బంధువుల్లోంచి ఒక స్త్రీ నిండా ముసుగు కప్పుకుని, చేతిలో కర్రో కత్తో పట్టుకుని ఆ మగవాళ్ల వరస ముందుకు వస్తుంది. వరస ఆమె వైపు జరిగితే కత్తితో హద్దు గీస్తూ ఆడుతుంది. తమ ఇంటి ఆడపడుచును ముందుకు పంపడం అతిథులకు ఇచ్చే పెద్ద గౌరవమని భావించేవారు. ఆమె మీద కన్నెత్తి తప్పుగా చూసినవాడికి తెగలో తలెత్తుకునే చోటుండదు. నడుము ఆటను బెడూయిన్ స్త్రీ పేరుతో అమ్మడం నాకు బాధ కలిగించేది ఇందుకే. అక్కడ స్త్రీ చేతిలో కత్తి ఉంది.

ఇసుకరాయి:
నేను వెళ్లిన పెళ్లిలో హాషీ రాలేదు. ఇప్పుడు చాలా చోట్ల రావడం లేదని స్టోరు కీపరు చెప్పాడు, ఫోన్ల భయం వల్ల. అరచేతిలో కెమెరా ఉన్నవాళ్ల ముందుకు ఇంటి ఆడపిల్లను ఎవరు పంపుతారు అన్నాడు.

తీరిక లేదు:
ఒక్క మాట. యూట్యూబ్‌లో దహియ్యా అని వెతికితే కీబోర్డుతో, పెద్ద స్పీకర్లతో హోరెత్తించే పాటలే వస్తున్నాయి. పాలస్తీనా, జోర్డాన్ పెళ్లిళ్లలో వందలమంది వాటికే ఊగుతున్నారు. మీరు చెప్పే చప్పట్లు, ఊపిరి ఇంక మిగిలాయా? కాలం మారింది, కీబోర్డు వచ్చింది. దానిలో తప్పేముంది?

డప్పుదరువు:
కీబోర్డు రావడం తప్పని ఎవరూ అనరు. నా అభ్యంతరం వేరే. ఇసుకరాయి గారు చెప్పిన ఆటలో వేగం ఎవరి చేతిలో ఉంది? వరస చేతిలో. ముందు చప్పట్లు ముదిరితే ఊపిరి ముదురుతుంది, అలసిపోతే తగ్గుతుంది. కవి కొత్త చరణం ఆలోచిస్తుంటే పల్లవిని ఇంకోసారి తిప్పుతారు. కీబోర్డులో ముందే నింపిన దరువు ఎవరి కోసమూ ఆగదు. అప్పుడు కవి దరువు వెనక పరుగెత్తాలి. అతిథి పేరు చరణంలోకి ఎక్కించడానికి ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? పెళ్లిళ్లకు డప్పు కొట్టేవాడిగా ఇది నాకు రోజూ ఎదురయ్యే సమస్య.

తీరిక లేదు:
అలా చెబితే ఒప్పుకుంటాను. కానీ ఆ కీబోర్డు పాటల వల్లే నాలాంటివాడికి దహియ్యా అన్న పేరు తెలిసింది. దాన్నీ లెక్కలో వేయండి.

బాటసారి:
ఒంటె పాటల గురించి ఎవరూ రాయలేదు, అదొక్కటి చెప్పి నా పనిలోకి వెళతాను. అల్ ఐన్‌లో ఒంటెల సంత ఉంది. మా యజమాని తండ్రి ఒంటెల కోసం ఎడారిలో ఒక దొడ్డి పెట్టాడు. ఆయన అక్కడికి వెళ్లినప్పుడు పాడేది తగ్రూదా. ఏడు పంక్తులకు మించని చిన్న పద్యం. పూర్వం ఒంటెల మీద ప్రయాణం చేసేవాళ్లు రెండు గుంపులై, ఒకరు పాడితే ఒకరు తిరిగి పాడేవారు. డోలు లేదు, తీగ లేదు. అచ్చులను బాగా సాగదీసి పాడతారు, ఒంటె నడక ఊపే దానికి తాళం. పాట వింటే ఒంటెలన్నీ ఒకే అడుగులో నడుస్తాయని వాళ్ల నమ్మకం. ఆయన కారులో నా పక్క సీట్లో కూర్చున్నా అదే నడకలో పాడేవాడు. నేను నూటఇరవైలో పోతున్నా ఆయన పాట మాత్రం ఒంటె వేగంలోనే ఉండేది. పెళ్లిళ్లలో కూడా దీన్ని పాడతారు.

పుస్తకాల పురుగు:
తగ్రూదా 2012లోనే జాబితాలో చేరింది, ఇవి అన్నింటికంటే ముందు. ఒంటెల మందను పిలవడానికి కాపరులు చేసే హిదా అనే పిలుపును 2022లో సౌదీ, ఒమాన్, ఎమిరేట్స్ పేరున చేర్చారు. ఒంటెలు తమ యజమాని గొంతును గుర్తుపట్టి వస్తాయి. యునెస్కో వెబ్‌సైటులో వీటన్నింటికీ చిన్న వీడియోలు ఉన్నాయి, డబ్బు కట్టనక్కరలేదు. అయ్యాలా, రజ్ఫా, సామిర్ మూడూ వరుసగా చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది.

కృష్ణాతీరం:
మూడూ చూశాను. సామిర్ వీడియోను మళ్లీ మళ్లీ చూశాను. మా అన్నయ్యకు కూడా పంపాను. వచ్చే చలికాలంలో అబుదాబీ దగ్గర అల్ వత్బాలో షేక్ జాయెద్ ఉత్సవం జరిగేటప్పుడు రమ్మన్నాడు. అక్కడ అయ్యాలా బృందాలు రోజూ ఆడతాయట. వదిన గారూ, ఒక్క సందేహం. మీ యజమానురాలి ఇంటి పెళ్లికి నాలాంటి బయటి మనిషిని పిలుస్తారా?

కువైట్ వదిన:
పిలుస్తారు చెల్లీ. ఆడమనిషివైతే చాలు, తలుపు దగ్గర ఎవరూ ఊరు పేరు అడగరు. లోపల మొదట గహ్వా, అంటే అరబ్బు కాఫీ ఇస్తారు, చిన్న కప్పులో అడుగున కొంచెం పోసి. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. వాయిద్యాలవాళ్ల పక్కన కూర్చో, అక్కడినుంచి పాట బాగా వినబడుతుంది. ఫోను మాత్రం గుమ్మం దగ్గరే ఇచ్చేయి.